పెళ్లిళ్లు మానుకుని తలకోన బాట పట్టిన ఫోటోగ్రాఫరు
మూడు రోజుల కాపు - చేజారిన కణితి - చేతికొచ్చిన తాబేలు

యర్రావారిపాలెం: ఎండాకాలం ముహూర్తాలంటే ఫోటోగ్రాఫర్లకు చేతినిండా పని. ఏడాదికి సరిపడా సంపాదన ఆ రెండు నెలల్లోనే రావాలి. అటువంటి సమయంలో తిరుపతికి చెందిన ఒక స్టూడియో ఫోటోగ్రాఫరు రెండు పెళ్లి బేరాలు వదులుకుని, కెమెరా భుజాన వేసుకుని తలకోన అడవికి వచ్చాడు. గుండు చేయించుకున్న యాత్రికుల కుటుంబాలను ఏడుకొండల తెర ముందు నిలబెట్టి ఫోటోలు తీయడం అతని వృత్తి. తెర మీది కొండలను ఇన్నేళ్లుగా చూపిస్తున్న తాను అసలు కొండల్లో ఏముందో చూడనే లేదన్న కొరత అతన్ని ఇక్కడికి రప్పించింది.

తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులో ఉంది. శేషాచలం కొండల్లో 353 చదరపు కిలోమీటర్ల మేర ఈ పార్కును 1989లో ఏర్పాటు చేశారు. 2010లో శేషాచలం కొండలను జీవావరణ రక్షిత ప్రాంతంగా కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. తిరుపతి నుంచి భాకరాపేట, నేరబైలు మీదుగా తలకోనకు చేరుకోవచ్చు. సిద్ధేశ్వరస్వామి ఆలయం దాటి రాళ్లబాటన నడిస్తే 270 అడుగుల ఎత్తు నుంచి నీరు దూకే జలపాతం కనిపిస్తుంది. వానాకాలంలో హోరెత్తే ఆ నీరు మే నెలకు సన్నని ధారగా మారుతుంది.

అడవిని చూడటానికి ఎండాకాలమేమిటని అడిగేవారు లేకపోలేదు. అందుకు కారణం ఉంది. ఈ రోజుల్లో చెట్లు ఆకు రాలుస్తాయి కనుక చూపు దూరం పోతుంది. వాగులు ఎండి నీళ్లు నాలుగైదు మడుగుల్లోనే మిగులుతాయి. దుప్పులు, కణితులు, అడవి పందులు ఎక్కడ తిరిగినా తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ ఆ మడుగుల దగ్గరికి రాక తప్పదు. నీళ్ల దగ్గర ఓపికగా కూర్చున్నవాడికి అడవి తానే ఎదురు వస్తుంది.

జాతీయ పార్కులో ఫోటోలు తీయాలంటే 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అనుమతి పొందాలి. ఎర్రచందనం దొంగల బెడద వల్ల కొత్త ముఖం కనిపిస్తే సిబ్బంది ఆపి ప్రశ్నిస్తారు. ఫోటోగ్రాఫరు ముందుగానే అనుమతి కాగితం తెచ్చుకున్నాడు. అతని వెంట అడవి కాపలాదారుగా పనిచేసే యానాది పెద్దాయన ఒకరు నడిచారు.

మొదటి రోజు ఆయన చూపిన వింత బంగారు బల్లి. జలపాతం పక్కన నీడపట్టు రాతి సందుల్లో ఉంటుంది. మగ బల్లికి మేలిమి బంగారు వన్నె. 1870లో బెడోమ్ అనే ఇంగ్లీషు అధికారి ఈ జాతి గురించి శాస్త్రలోకానికి తెలియజేశాడు. ఆయన పేరే పెట్టిన పేరీత చెట్టు కూడా ఈ కొండల్లోనే ఉంది. చూడటానికి పొట్టి ఈతచెట్టులా ఉండే ఈ చెట్టు ఈ ప్రాంతపు కొండల్లో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. రాతికి అంటుకుని ఉన్న బల్లి గుడ్లను ఫోటో తీయబోయి ఫ్లాష్ వెయ్యగా పెద్దాయన వారించారు. "చీకట్లో బతికే జీవం సామీ, ఆ వెలుగు వద్దు" అన్నారు. ఫోటోగ్రాఫరు ఫ్లాష్ తీసేశాడు. బొమ్మ మసకగానే వచ్చింది.

రెండో రోజు మడుగు దగ్గర ఏమీ కనబడలేదు. విహారానికి వచ్చిన కుర్రవాళ్లు అక్కడే స్నానాలు చేసి, సీసాలు, ప్లాస్టిక్ సంచులు వదిలిపోయారు. మనిషి అలికిడి ఉన్న చోటికి మృగం రాదని పెద్దాయన చెప్పారు. ఇద్దరూ ఆ చెత్తను గోతానికి ఎత్తారు.

మూడో రోజు తెల్లవారుజామున, పొదచాటున రెండు గంటలు కదలకుండా కూర్చున్నాక, ఒక మగ కణితి మడుగు గట్టు మీదికి వచ్చింది. కొమ్ములు రెండూ నిండుగా ఉన్నాయి. కెమెరా ఎత్తి గురి చూస్తున్నంతలో పెద్దాయన అతని భుజం తట్టారు. "సామీ, కింద పొగ లేస్తా ఉండాది" అన్నారు. ఆ మాటకే కణితి చెవులు నిక్కించి అడవిలోకి దూకింది.

దిగువన బోదగడ్డి అంటుకుంది. ఎవరో ఆర్పకుండా పారేసిన బీడీ అయి ఉండవచ్చని అనుకున్నారు. ఇద్దరూ పరుగున దిగారు. ఫోను అందిన చోటి నుంచి కబురు చేయగా సిబ్బంది, వారితో పాటు పల్లె కుర్రవాళ్లు పదిమంది వచ్చారు. పచ్చి కొమ్మలు విరిచి మంట అంచులను కొట్టారు. ఎండుటాకులను తోసివేసి మంటకు అడ్డంగా దారి తీశారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మంట ఆరింది. రెండు మూడు మళ్ల మేర గడ్డి బూడిదయింది. గాలి ఎక్కువగా ఉంటే కొండంతా అంటుకునేదే. 2014 మార్చిలో తిరుమల చుట్టూ శేషాచలం కాలినప్పుడు ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చిన సంగతి జిల్లా ప్రజలు మరువలేదు.

ఆ బూడిదలో పెంకు కాలిన నక్షత్ర తాబేలు ఒకటి చచ్చి పడి ఉంది. దానికి జానెడు దూరంలోనే మరొకటి రాతి సందులో దూరి బతికింది. ఫోటోగ్రాఫరు ఆ రెంటినీ ఒకే బొమ్మలోకి వచ్చేలా తీశాడు. మూడు రోజుల్లో అతను మెచ్చుకున్న ఫోటో అదొక్కటే.

ప్రస్తుతం ఆ బొమ్మ అతని స్టూడియోలో పెళ్లి ఫోటోల మధ్య వేలాడుతోంది. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినవారు అదేమిటని అడిగితే కూర్చోబెట్టి జరిగింది చెబుతున్నాడు. పోయిన రెండు బేరాల మాట ఎత్తితే మాత్రం నవ్వి ఊరుకుంటున్నాడు.

కొండ మీద అడవి ఉంటేనే దిగువ చెరువులకు, బావులకు నీరు చేరుతుంది. కాబట్టి ఎండలు ముదరకముందే గడ్డి కోసి నిప్పు పాకకుండా బాటలు తీయాలని, అగ్గిపెట్టెలు, బీడీలు అడవిలోకి వెళ్లకుండా తనిఖీ కట్టుదిట్టం చేయాలని, మృగాలు నీళ్లు తాగే మడుగుల్లో స్నానాలను ఆపాలని ఈ ప్రాంత గ్రామస్థులు కోరుతున్నారు.