సరస్సు చుట్టూ రోజుకి ఎన్ని కిలోమీటర్లు?

మినియాపొలిస్‌లో చదువుతున్న మా అన్నయ్య, లేక్ సుపీరియర్ చుట్టూ క్యాంపింగ్ ట్రిప్‌కి ప్లాన్ వేసిపెట్టమన్నాడు. రోడ్డు దాదాపు 2,100 కిలోమీటర్లు. మూడుతో భాగించి, రోజుకి 700 అని పంపేశా. "మరి సరస్సు ఎప్పుడు చూడాల్రా?" అన్నాడు.

ట్రావెలింగ్ సేల్స్‌మన్ ప్రాబ్లంలో కష్టమంతా ఏ ఊరి తర్వాత ఏ ఊరన్నదే. ఇక్కడ ఆ వరస సరస్సే ఇచ్చేసింది. మనం తేల్చాల్సింది రాత్రి ఎక్కడ ఆగాలన్నది.

అందుకే ముందు టెంట్ వేసే చోట్లు ఎంచుకున్నా. డులూత్ దాటాక స్ప్లిట్ రాక్, కెనడాలో స్లీపింగ్ జెయింట్, పుకాస్క్వా, అగావా బే, మళ్లీ అమెరికాలో పిక్చర్డ్ రాక్స్, పోర్క్యుపైన్ కొండలు. ఆరు రాత్రులు, రోజుకి సగటున 300.

ఇంకో మూడు విషయాలు. మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి కెనడా వీసా విడిగా కావాలి. కట్టెలు వెంట తీసుకెళ్లకూడదు, వాటిలోని పురుగులు కొత్త అడవికి పాకుతాయి, అక్కడే కొనుక్కోవాలి. చీకట్లో మూస్‌లు రోడ్డు మీదకొస్తాయి, కాబట్టి పొద్దుగూకేలోపే చేరాలి.

అగావా దగ్గర కొండరాతి మీద ఒజిబ్వే ప్రజల ఎర్రటి బొమ్మలున్నాయి. అలలు లేనప్పుడే దగ్గరికెళ్లి చూడగలం. అందుకని అక్కడ ఒక పూట ఖాళీగా వదిలేశా. ఈసారి అన్నయ్య ఓకే అన్నాడు.