జీడీఎస్ అంటే గవర్నమెంట్ జాబేనా?

ఫ్రెండ్స్, మన మాచవరం వైపు టెన్త్ మార్కులు బాగున్నవాళ్లు జీడీఎస్‌కి అప్లై చేస్తుంటారు కదా. చేయండి, కానీ తెలుసుకుని చేయండి. గ్రామీణ డాక్ సేవక్‌ని డిపార్ట్‌మెంట్ రెగ్యులర్ ఉద్యోగిగా చూడదు. వచ్చేది జీతం కూడా కాదు, టీఆర్‌సీఏ అనే అలవెన్సు. అదైనా ఊరికే పెరగలేదు. 2018లో మే 22 నుంచి 16 రోజులు దేశమంతా సమ్మె చేస్తే, జూన్ 6న కేబినెట్ ఒప్పుకుంది. నాలుగు గంటల పనికి బ్రాంచి పోస్ట్‌మాస్టర్‌కి 12,000, డాక్ సేవక్‌కి 10,000, పైన డీఏ. రెగ్యులర్ వాళ్లకుండే పెన్షన్ మాత్రం లేదు.

మరి హక్కులేమీ లేవా అంటే, ఉన్నాయి. 1977లో రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు ఇది సివిల్ పోస్టేనని చెప్పేసింది. అంటే ఆరోపణ ఏంటో చెప్పకుండా, మీ మాట వినకుండా డిస్మిస్ చేయకూడదు. "రేపట్నుంచి రావొద్దు" అని ఎవరైనా ఫోన్లో అంటే, ఆర్డర్ కాగితం మీద ఇవ్వమని అడగండి.