తాండూరు బండ మీద తెల్లమచ్చ ఎక్కడిది?

ఫిల్మ్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు రాశారు. వాకిట్లో కొత్తగా తాండూరు బండలు పరిపించుకున్నారట. శ్రావణంలో ముసురు పట్టగానే జాయింట్ల వెంబడి తెల్లటి పొర తేలింది. మేస్త్రీ ‘బోరు నీళ్ల ఉప్పు’ అని తేల్చేసి, బాత్‌రూమ్ యాసిడ్ పోసి రుద్దాడు. పొరతో పాటు బండ మెరుపూ పోయింది. నెల తిరక్కుండానే మచ్చ మళ్లీ వచ్చింది. రాయే నాసిరకమా అని ఆవిడ అడుగుతున్నారు.

రాయి తప్పేమీ లేదు. ఫిల్మ్‌నగర్ ఉన్న జూబ్లీహిల్స్ గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. వాటి మీదికి వికారాబాద్ జిల్లా నుంచి తెచ్చి పరిచే తాండూరు బండ సున్నపురాయి. ఏ రాయి పరిచినా ఇలాంటి తెల్లపొర సాధారణంగా దాని కింద వేసిన సిమెంటు మాలు నుంచే వస్తుంది.

సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడిసున్నం, పుడుతుంది. గట్టిపడ్డ సిమెంటులో దాదాపు ఐదో వంతు ఇదే. లీటరు నీళ్లలో గ్రామున్నరకు పైగా కరుగుతుంది. చక్కెర వేడినీళ్లలో ఎక్కువ కరుగుతుంది కదా, సున్నం దానికి పూర్తిగా ఎదురు: నీళ్లు చల్లబడేకొద్దీ ఎక్కువ కరుగుతుంది! జాయింట్లలోంచి దిగిన వాననీరు ఆ సున్నాన్ని కరిగించుకుని, బండ ఆరేటప్పుడు సన్నటి రంధ్రాల గుండా పైకి పాకుతుంది. పైన గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి అది కాల్షియం కార్బొనేట్ అవుతుంది. ఇది లీటరుకు గ్రాములో వందో వంతు మాత్రమే కరుగుతుంది. ఎన్ని బకెట్లు కుమ్మరించినా కదలనిది అందుకే.

నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది ఇందులో ఆరుదల పాత్ర. వైశాఖపు ఎండలో నీరు రాయి లోపలే ఆవిరైపోతుంది, సున్నం రంధ్రాల్లోనే గడ్డకడుతుంది. ముసురులో ఆరడం నెమ్మదించి, సున్నపునీరు పైదాకా చేరుతుంది. అదే మేస్త్రీ, అదే సిమెంటు; నెల మారితే బండ రూపం మారిపోతుంది.

ఈ పొర కట్టడం కళ్లారా చూడాలంటే సున్నపు తేటను వెడల్పాటి గిన్నెలో తెరిచి ఉంచండి. కొన్ని గంటలకు పైన పల్చటి పొర కడుతుంది. పుల్లతో తాకితే పెళుసుగా పగిలి, ముక్కలు మెల్లగా అడుక్కి జారతాయి. గాలి తగిలేది నీటి పైభాగానికే కనుక పొర అక్కడే పుడుతుంది. మీ బండ మీద జరిగిందీ ఇదే.

ఈ పొర వెనకున్న రసాయనం గురించి 18వ శతాబ్దంలో పెద్ద వాదమే నడిచింది. స్కాట్లాండ్ వైద్యుడు జోసెఫ్ బ్లాక్ తూకాలు వేసి చూసి, సున్నపురాయిని కాల్చి సున్నం చేసేటప్పుడు ఒక వాయువు బయటికి పోతుందనీ, సున్నం దాన్ని తిరిగి పీల్చుకుంటే మళ్లీ రాయవుతుందనీ 1756లో ప్రచురించాడు. జర్మన్ ఔషధకారుడు యోహాన్ ఫ్రీడ్రిష్ మేయర్ ఒప్పుకోలేదు. సున్నం ఘాటుకు కారణం నిప్పులోంచి రాయిలోకి చేరిన ఒక ‘జిడ్డు ఆమ్లం’ అని 1764లో పుస్తకమే రాశాడు. చాలామంది నమ్మారు కూడా. కానీ కాల్చిన రాయి బరువు తగ్గుతుంది! ఏదో వచ్చి చేరితే బరువు తగ్గడమేమిటి? ఒక్క తక్కెడ తేల్చేసిన ఈ వాదం రసాయనశాస్త్రంలో నాకు అత్యంత ప్రియమైన ఘట్టం.

ఇక మరక సంగతి. మచ్చ మీద నీళ్లు చల్లి చూడండి. కరిగిపోతే మేస్త్రీ చెప్పినట్టు ఉప్పే, కరక్కపోతే సున్నం. సున్నమైతే పొడి బ్రష్షుతో రుద్ది ఓపిక పట్టండి. మాలులో కరిగే సున్నం తగ్గేకొద్దీ కొత్త పొర రావడం తగ్గుతుంది, ఉన్నదాన్ని వానలు మెల్లగా తీసుకుపోతాయి. యాసిడ్ మాత్రం వద్దు. పొరా, బండా రెండూ కాల్షియం కార్బొనేటే. యాసిడ్‌కు తేడా తెలీదు. పైగా ఆ చర్యలో పుట్టే కాల్షియం క్లోరైడ్ గాలిలోని తేమను లాగి బండను చెమ్మగా ఉంచుతుంది. గ్రానైట్ మీద పోస్తే రాతిలోని ఇనుము కదిలి పసుపు మరకలు తేలతాయి. అడుగు తడి ఆరకముందే సీలర్ పూయించే తొందర ఇంకో తలనొప్పి: పొర దాని కిందే చిక్కుకుపోతుంది.

యాసిడ్ తినేసిన మెరుపు తిరిగి కావాలంటే పాలిష్ మెషీను పెట్టించాల్సిందే.