జ్ఞాపకశక్తి పరీక్షలో తక్కువ మార్కులు: నటనా, అశక్తతా?

తలకు దెబ్బ తగిలినవారికీ, పక్షవాతం వచ్చినవారికీ, మతిమరుపు ముదిరిన వృద్ధులకూ పెద్ద ఆసుపత్రులలో న్యూరోసైకాలజీ పరీక్షలు జరుపుతారు. అంకెలు వినిపించి తిరిగి చెప్పమంటారు. బొమ్మలు చూపి గుర్తుపట్టమంటారు. స్కానింగుకు రోగి కదలకుండా పడుకుంటే చాలు. ఈ పరీక్షలకు మాత్రం అతడు మనసు పెట్టి ప్రయత్నించాలి. ప్రయత్నం లోపిస్తే వచ్చిన మార్కులు మెదడు స్థితిని తెలుపజాలవు. అందుచేత ఆ మార్కులు నమ్మదగినవా, కావా అన్నది నిపుణులు విడిగా పరిశీలిస్తారు.

ఇందుకు వాడే ముఖ్య సాధనం, కష్టంగా కనిపించే సులభమైన పరీక్ష. 1996లో వెలువడిన ‘టెస్ట్ ఆఫ్ మెమరీ మాలింగరింగ్’ ఈ కోవలోనిదే. ఇందులో 50 బొమ్మలు ఒకదాని తరువాత ఒకటి చూపుతారు. ఆపై పాత బొమ్మనూ కొత్త బొమ్మనూ జంటగా ఉంచి, ముందు చూసినది ఏదో చెప్పమంటారు. మెదడుకు నిజంగా దెబ్బ తగిలినవారిలో కూడా చాలామంది దీనిని చక్కగా చేయగలరు.

ఏమీ గుర్తులేనివాడు బొమ్మా బొరుసా వేసినట్లు జవాబులు చెప్పినా సుమారు 25 ఒప్పవుతాయి. కేవలం ఊహతో చెప్పినప్పుడు 18 లేదా అంతకంటే తక్కువ ఒప్పు కావడం నూటికి దాదాపు మూడుసార్లే జరుగుతుంది. మార్కులు అంతకంటే బాగా దిగజారితే, సరైన జవాబు తెలిసి కూడా తప్పు జవాబు ఎంచుకున్నారన్న అనుమానం బలపడుతుంది.

అయితే సులభమన్నది ఎవరికి సులభం? స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త ఆంద్రే రే పేరుతో ప్రసిద్ధమైన 15 గుర్తుల పరీక్షను చూడండి. పెద్దబడి ఏ, బీ, సీ. చిన్నబడి ఏ, బీ, సీ. ఒకటి, రెండు, మూడు అంకెలు. అవే రోమన్ సంఖ్యలలో. వృత్తం, చతురస్రం, త్రిభుజం. వీటిని 10 సెకన్లు చూపి, తిరిగి వ్రాయమంటారు. ఇంగ్లీషు అక్షరాలు వచ్చినవానికి ఇవి ఐదు చిన్న వరుసలు. బడి ముఖం చూడని రైతుకూలీకి మాత్రం పదిహేను వేర్వేరు గీతలు. చదువు తక్కువైనవారు, బుద్ధిమాంద్యం గలవారు, మతిమరుపు వ్యాధి ముదిరినవారు ఏ నటనా లేకుండానే ఇందులో తప్పవచ్చు.

సరిహద్దు గ్రామాల తెలుగువారికి ఇంకొక చిక్కు ఉన్నది. ఇంట తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో. ఎక్కాలు ఒక భాషలో నేర్చి, అంకెలు వేరొక భాషలో వినవలసివస్తే మార్కులు తగ్గవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి మతిమరుపు వ్యాధి పరిశీలనకై తెలుగు, కన్నడం సహా ఐదు భాషలలో పరీక్షలను రూపొందించడానికి కారణం ఇటువంటి భేదాలే.

ఒక్క పరీక్షలో తప్పినంత మాత్రాన రోగి అబద్ధమాడినట్లు కాదు. నిపుణులు ఒకటికి మించిన పరీక్షలు జరుపుతారు. నష్టపరిహారం వంటి లాభాపేక్ష ఉన్నదా, నిత్యజీవితంలో అతని నడవడి మార్కులకు సరిపోలుతున్నదా, నొప్పి, దిగులు, నిద్రలేమి, మందుల మత్తు కారణమా అని విచారిస్తారు. 1999లో ప్రచురితమై, 2020లో సవరింపబడిన ప్రమాణాలు కూడా ఇతర కారణాలను పరిశీలించిన తరువాతే నటన అని నిర్ణయించాలంటాయి.

కనుక పరీక్షకు ముందే కుటుంబసభ్యులు రోగి ఇంటి భాష, చదివిన తరగతి, మాధ్యమం, వాడుతున్న మందులు నిపుణునికి తెలపాలి. కళ్లజోడు, వినికిడి యంత్రం మరువరాదు. ప్రక్కనుండి జవాబులు అందించరాదు. ఏ భాషలో పరీక్ష జరిగినదో నివేదికలో వ్రాయమని కోరడం మేలు. “కొంచెం తెలియనట్లు చెప్పు, డబ్బు ఎక్కువ వస్తుంది” అని చెప్పేవారి మాట వినరాదు. ఒకచోట నటన బయటపడితే నివేదిక అంతా అనుమానాస్పదమవుతుంది. నిజంగా తగిలిన దెబ్బకు రావలసిన పరిహారం కూడా చేజారవచ్చు.