కలిసి వచ్చే మాటలు: ఇంగ్లీషులో 'కామ్' కుటుంబం



ఇంగ్లీషు పదాలు అనగానే మనలో చాలామందికి గైడు చివరి పేజీల్లోని జాబితా గుర్తుకొస్తుంది. రోజుకు పది మాటలు బట్టీపట్టాలని మొదలుపెడతాం. వారం తిరిగేసరికి మొదటిరోజు నేర్చిన పదీ ఎగిరిపోతాయి. అప్పుడు 'మనకు ఇంగ్లీషు రాదు' అని తీర్మానించుకుంటాం. నిజానికి ఒకదానితో ఒకటి సంబంధం లేని విషయాలు ఎవరికీ ఎక్కువకాలం గుర్తుండవు. మన ఊళ్ళో వందమంది పేర్లు ఎవరూ బట్టీపట్టకుండానే మనకు వచ్చు. ఎవరు ఎవరి కొడుకో, ఎవరికి ఎవరు మేనత్తో తెలుసు కాబట్టి ఆ పేర్లు నిలిచాయి. మాటలకు కూడా చుట్టరికాలున్నాయి. అలాంటి ఒక్క కుటుంబాన్ని ఈ వ్యాసంలో పరిచయం చేస్తున్నాం.

ఉపసర్గ అంటే ఏమిటి?

మాట ముందు చేరి దాని అర్థాన్ని మార్చే చిన్న ముక్కను ఇంగ్లీషులో ప్రిఫిక్స్ అంటారు. మనకు ఇది కొత్తేమీ కాదు. 'హారం' అనే మాట ముందు ఒక్కో ముక్క చేరిస్తే ఆహారం, విహారం, సంహారం, పరిహారం అవుతాయి. సంస్కృతంలో వీటిని ఉపసర్గలు అన్నారు. ఇంగ్లీషులో లాటిన్ నుంచి వచ్చిన మాటలు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో చాలావాటి ముందు ఇలాంటి ముక్కే ఉంటుంది. సి, ఓ, ఎం అనే మూడు అక్షరాల 'కామ్' వాటిలో ఒకటి.

దీని అర్థం 'కలిసి', 'తోడుగా'. సంస్కృతంలో 'సమ్' చేసే పనిని ఇది చేస్తుంది: సంఘం, సంగమం, సంభాషణ, సమావేశం. అచ్చ తెలుగులో అదే పనికి 'తోడు' ఉంది: తోడల్లుడు, తోడికోడలు, తోబుట్టువు, తోడుదొంగ. తోడల్లుణ్ణి మనవాళ్ళు 'కో-బ్రదర్' అంటారు. అది ఇంగ్లండులో వాడే మాట కాదు, మన దేశపు ఇంగ్లీషులో పుట్టింది. అయినా తోడు అనే అర్థంలో 'కో'ను అక్కడ సరిగ్గానే వాడాం.

ఒకే ముక్క, అయిదు వేషాలు

'కామ్' అన్నిచోట్లా అలాగే ఉండదు. పక్కనున్న అక్షరాన్నిబట్టి మారుతుంది. వ్యాకరణంలో 'ఉత్ + లాసం' కలిసి 'ఉల్లాసం' అయినట్లే, పలకడానికి తేలికగా ఉండాలని ఈ మార్పు వచ్చింది.

1. బి, ఎం, పి ముందు 'కామ్' అలాగే ఉంటుంది: కంబైన్, కమిటీ, కంపెనీ.
2. ఎల్ ముందు ఎం కాస్తా ఎల్ అవుతుంది: కలెక్ట్, కొలాప్స్.
3. ఆర్ ముందు ఆర్ అవుతుంది: కరెక్ట్, కరెస్పాండెంట్, కరప్షన్.
4. అచ్చుల ముందు, హెచ్ ముందు సాధారణంగా 'కో' మాత్రమే మిగులుతుంది: కో-ఆపరేషన్, కో-ఎడ్యుకేషన్.
5. మిగిలిన చాలా అక్షరాల ముందు 'కాన్' అవుతుంది: కండక్టర్, కాన్ఫరెన్స్, కనెక్షన్.

దీనివల్ల మనకు వెంటనే కలిగే లాభం స్పెల్లింగు. కలెక్ట్‌లో రెండు ఎల్‌లు ఎందుకు? ఒకటి ఉపసర్గది, రెండోది అసలు మాటది. కరెక్ట్‌లో రెండు ఆర్‌లు, కనెక్ట్‌లో రెండు ఎన్‌లు, కమిటీలో రెండు ఎంలు కూడా ఇలాగే వచ్చాయి. హాస్టల్ వసతిని తెలిపే 'అకామడేషన్' అనే మాటను చదువుకున్నవాళ్ళు కూడా తప్పు రాస్తుంటారు. అందులో రెండు ఉపసర్గలు ఉన్నాయి: ముందు 'అక్', తరువాత 'కామ్', ఆపైన 'మోడ్'. 'అక్'లో ఒక సి, 'కామ్'లో ఒక సి. 'కామ్'లో ఒక ఎం, 'మోడ్'లో ఒక ఎం. ఇలా విడదీసుకుంటే రెండు సీలు, రెండు ఎంలు ఎప్పటికీ తప్పవు.

మన చుట్టూ ఉన్న తోడు మాటలు

కంపానియన్: లాటిన్‌లో 'పానిస్' అంటే రొట్టె. కలిసి రొట్టె తినేవాడు కంపానియన్, అంటే సహచరుడు. కంపెనీ అనే మాట కూడా దీని నుంచే వచ్చింది. పావ్ భాజీలోని 'పావ్' పోర్చుగీసు మాట, దాని మూలం కూడా ఆ పానిసే. ఒకే కంచం ఒకే మంచం అని మనం చెప్పుకునే స్నేహానికి ఇంతకన్నా దగ్గర మాట ఇంగ్లీషులో దొరకదు. మెస్సులో పక్కపక్కన కూర్చుని తినే మనందరం అసలైన అర్థంలో కంపానియన్లం.

కాలేజీ: కలిసి ఒక పనికి ఎన్నికైనవాళ్ళు 'కొలీగ్స్'. వాళ్ళ సమూహం 'కొలీజియం'. జడ్జీల నియామకాల వార్తల్లో మనం చదివే కొలీజియం ఇదే. కాలేజీ అనే మాటకు మూలం కూడా ఇదే. అంటే కాలేజీ అన్నప్పుడు మొదట చెప్పింది భవనం గురించి కాదు, మనుషుల గురించి.

కలెక్టర్: కలెక్ట్ అంటే ఒకచోటికి చేర్చడం, వసూలు చేయడం. 1772లో వారన్ హేస్టింగ్స్ బెంగాల్‌లో కలెక్టర్లను నియమించింది భూమిశిస్తు వసూలు కోసమే. తరువాత ఆ పదవికి ఎన్నో బాధ్యతలు చేరాయి, పేరు మాత్రం పాతదే మిగిలింది. మనలో ఎందరో కనే కల వెనక ఉన్న మాట చరిత్ర ఇది.

కాంపిటీషన్: 'పెట్' అనే ధాతువుకు వెతకడం, కోరడం అని అర్థం. ఒకే దానికోసం కలిసి ప్రయత్నించడం కాంపిటీషన్‌కు మొదటి అర్థం. ఇప్పుడు పోటీ అంటే పక్కవాడికి నోట్సు చూపించకపోవడం అనుకునేవాళ్ళున్నారు. గ్రూప్స్‌కో డీఎస్సీకో మన గదుల్లో జరిగే కంబైన్డ్ స్టడీ ఈ మాట పాత అర్థానికి దగ్గరగా ఉంది.

కాన్‌స్టిట్యూషన్: 'కాన్' తరువాత వచ్చే ముక్కకు నిలబెట్టడం అని అర్థం. మన రాజ్యాంగం 1949 నవంబరు 26న ఆమోదం పొంది, 1950 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చింది. ముసాయిదా కమిటీకి డాక్టర్ అంబేద్కర్ అధ్యక్షులు. కమిటీ అంటే పని అప్పగించబడినవారు. ఎస్సీ, ఎస్టీ, ఇతర బలహీన వర్గాల విద్యా, ఆర్థిక ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని 46వ అధికరణం ప్రభుత్వాలకు చెబుతుంది. మనలాంటి హాస్టళ్ళ వెనక ఉన్నది ఆ ఆలోచనే.

కమ్యూనిటీ: లాటిన్‌లో 'మూనుస్' అంటే బాధ్యత, కానుక. బాధ్యతను కలిసి పంచుకునేవాళ్ళు కమ్యూనిటీ. మనకు ఈ మాట ఎక్కువగా సర్టిఫికెట్ మీద కనిపిస్తుంది. కొత్త క్లాసులో ఎవరైనా 'మీ కమ్యూనిటీ ఏమిటి?' అని అడిగితే తల దించుకునే తమ్ముళ్ళను చూశాం. ఈ మాట మూలంలో ఉన్న ప్రశ్న వేరు: నువ్వు ఎవరి బరువును పంచుకుంటున్నావు? దానికి తల ఎత్తి జవాబు చెప్పగలిగినవాళ్ళు మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నారు.

రెండో అర్థం: పూర్తిగా

కొన్ని మాటల్లో 'కామ్' అంటే 'పూర్తిగా, గట్టిగా' అని అర్థం వస్తుంది. కంప్లీట్ అంటే పూర్తిగా నింపడం. కన్ఫర్మ్ అంటే గట్టిపరచడం. బస్‌పాస్ మీద కన్సెషన్‌లోనూ ఇదే 'కాన్' ఉంది, దాని పక్కనున్న ముక్కకు వదిలిపెట్టడం అని అర్థం. సంస్కృతంలోనూ 'సమ్'కు ఈ రెండో అర్థం ఉంది. 'సంపూర్ణం' అనే మాటనే చూడండి: సమ్ + పూర్ణం, కామ్ + ప్లీట్. ఇందులోని 'పూర్ణ', 'ప్లీట్' రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవని భాషాశాస్త్రం చెబుతుంది.

మోసపోవద్దు

సి, ఓ కనబడిన ప్రతిచోటా ఈ ఉపసర్గ ఉండదు. 'కమ్', 'కోమ్' (దువ్వెన) లాంటి చిన్న మాటలకు దీనితో సంబంధం లేదు. 'కాంట్రా' అనేది వేరే ఉపసర్గ, దాని అర్థం 'ఎదురుగా'. కాంట్రాస్ట్‌లో ఉన్నది ఇదే. కాంట్రాక్ట్ కూడా అలాగే కనిపిస్తుంది గాని, అది కాన్ + ట్రాక్ట్. ట్రాక్ట్ అంటే లాగడం, దున్నే ట్రాక్టర్‌లో ఉన్నది కూడా అదే. ఇద్దరినీ ఒక ఒప్పందంలోకి లాగేది కాంట్రాక్ట్. ఇక కంట్రోల్‌లో ఉన్నది 'కాంట్రా'యే. అసలు లెక్కల చిట్టాకు ఎదురుగా పెట్టి సరిచూసే రెండో చిట్టాకు ఆ పేరు ఉండేది.

ఇంకొక జాగ్రత్త. ముక్కలు విడదీస్తే మాట గుర్తుంటుంది. ఈనాటి అర్థాన్ని మాత్రం వాడుకే నిర్ణయిస్తుంది. అందుకే ఊహించిన అర్థాన్ని డిక్షనరీలో ఒకసారి సరిచూసుకోవాలి.

ఎలా సాధన చేయాలి?

ఒక నోటుబుక్కులో ఉపసర్గకు ఒక పేజీ కేటాయించండి. మూడు గడులు గీయండి: మాట, దాని ముక్కలు, మీ సొంత వాక్యం. పెద్ద డిక్షనరీల్లో మాట పుట్టుక కూడా ఇస్తారు, దాన్ని వదలకుండా చదవండి. ఈ నాలుగు మాటలతో మొదలుపెట్టండి: కన్వీనర్ (వీన్ అంటే రావడం), కంపోజ్ (పోజ్ అంటే ఉంచడం), కొలాబరేట్ (లేబర్ అంటే శ్రమ), కంపాషన్ (పాషన్ అంటే బాధను అనుభవించడం). అర్థాలు మీరే చెప్పుకోండి. తరువాత ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్‌లోని 'ట్రాన్స్' మీద ఇంకో పేజీ మొదలుపెట్టవచ్చు.

తెలుగు మీడియంలో చదివి డిగ్రీకో పీజీకో వెళ్ళాక, సబ్జెక్టు తెలిసి కూడా మాట తెలియక వెనక బెంచీలో మౌనంగా కూర్చునేవాళ్ళు మనలో ఎక్కువ. కొందరు ఆ మౌనం భరించలేక చదువే మానేశారు. మా ఇళ్ళలో డిక్షనరీలు లేవు, అర్థం అడుగుదామంటే మాకన్నా ముందు కాలేజీ మెట్లెక్కినవాళ్ళూ లేరు. పక్క మంచం మీదివాణ్ణి అడిగి నేర్చుకున్నాం. ఇంట్లో లేని ఆ ఒక్క సౌకర్యం హాస్టల్లో ఉంది. కాబట్టి తెలియని మాట ఎదురైతే పక్కవాళ్ళను అడగండి, తెలిసిన మాటను అడిగినవాళ్ళకు చెప్పండి. పదో తరగతి తమ్ముడు వచ్చి అడిగితే చదువు మధ్యలోనైనా అయిదు నిమిషాలు కేటాయించండి.