దారి తప్పిన బిడ్డకు తలుపు మూయకండి



మత్తుమందులు పట్నం పిల్లల సంగతి, మన పల్లెలకు రావు అనుకునే రోజులు పోయాయి. సిద్దిపేట నుండి హైదరాబాదు సుమారు వంద కిలోమీటర్లే. చదువు కోసం, ఉద్యోగం కోసం మన బిడ్డలు అక్కడి హాస్టళ్లలో ఉంటున్నారు. 2017లో హైదరాబాదులో ఎల్.ఎస్.డి., ఎం.డి.ఎం.ఎ. అమ్మే ముఠా పట్టుబడినప్పుడు, అవి బడి పిల్లల దాకా చేరాయని తెలిసి రాష్ట్రమంతా ఉలిక్కిపడింది.

పార్టీలలో మింగే ఎం.డి.ఎం.ఎ. బిళ్ల గుండె వేగాన్ని, ఒంటి వేడిని పెంచుతుంది. రాత్రంతా ఎగిరితే ఒంట్లో నీరు ఇంకిపోతుంది. అలాగని ఒక్కసారే బిందెడు నీళ్లు తాగినా ప్రమాదమే. మత్తు దిగాక రెండు మూడు రోజులు దిగులు కమ్ముకుంటుంది. పైగా ఆ బిళ్లలో నిజంగా ఏమి కలిపారో కొన్నవానికీ తెలియదు.

బిడ్డ సంగతి తెలిసినప్పుడు

మత్తులో ఉండగా మందలించకండి. మరునాడు పక్కన కూర్చుని, "ఏం తీసుకున్నావు బిడ్డా? ఎప్పటి నుంచి?" అని నెమ్మదిగా అడగండి. కొడితే అబద్ధం నేర్చుకుంటాడు గాని అలవాటు మానడు.

గదిలో పెట్టి తాళం వేయకండి. 2015లో కల్తీ కల్లు ఆగిపోయినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఎందరో వణుకుతో, మతి చలించి ఆసుపత్రుల పాలయ్యారు. అల్ప్రాజోలం వంటి మందులను హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఏది ఎలా మాన్పించాలో వైద్యుడే చెప్పాలి.

ఒళ్లు కాలిపోతున్నా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఏమి మింగాడో డాక్టరు దగ్గర దాచకండి.

పోలీసు కేసు అవుతుందని చికిత్సకు వెనుకాడకండి. 1985 నాటి మత్తుమందుల చట్టంలో 64ఎ సెక్షను ఉంది. మత్తుకు బానిసై, వాడినందుకో కొద్ది మోతాదు ఉన్నందుకో కేసులో ఇరుక్కున్నవాడు తానుగా ప్రభుత్వ గుర్తింపు గల ఆసుపత్రిలో చేరి చికిత్స పూర్తి చేస్తే శిక్ష నుండి రక్షణ ఉంటుంది. అమ్మేవారికి ఈ రక్షణ లేదు. సలహాకు 14446, మనోవేదనకు 14416 నంబర్లకు ఫోన్ చేయవచ్చు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలోనూ చికిత్స ఉంది.

సంఘము చేయవలసినది

ప్రార్థన కూటంలో ఆ బిడ్డ పేరు చెప్పి అంశంగా పెట్టకండి. అది ప్రార్థన కాదు, చాటింపు అవుతుంది. షుగరుకు మాత్ర వేసుకుంటూ ప్రార్థించినట్లే, ఇక్కడా చికిత్స, ప్రార్థన రెండూ కావాలి. ఆ తల్లిని ఒంటరిగా విడువకండి. ఆసుపత్రికి తోడుగా వెళ్లండి.

లూకా సువార్త 15వ అధ్యాయంలోని తండ్రిని గమనించండి. దూరదేశానికి అతడు మళ్లీ డబ్బు పంపినట్లు అక్కడ లేదు. ఇంటి తలుపు మూసినట్లూ లేదు. మన బిడ్డ అప్పులు తీర్చమంటే, చేతికి డబ్బు ఇమ్మంటే ఆగవలసిందే. అన్నం పెట్టమంటే, ఆసుపత్రికి తీసుకుపొమ్మంటే ఆలస్యం చేయరాదు.

మానినవాడు మళ్లీ జారవచ్చు. అప్పుడూ విసుగక లేవనెత్తండి. బిడ్డ ఇంకా దూరంగా ఉండగానే చూచి పరుగెత్తిన ఆ తండ్రి మనసును దేవుడు మనకందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.