మామయ్య నాదస్వరం.. 4,104 బైట్లు

పోయినసారి విజయవాడ వెళ్లినప్పుడు మామయ్య కీబోర్డును ఫ్రీమాంట్‌కు తెచ్చుకున్నాను. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఆయన వాయించిన యమహా డీఎక్స్7 అది. బరువు 14 కిలోల పైమాటే. మామయ్య పోయి రెండేళ్లయింది.

1983లో వచ్చిన ఈ కీబోర్డుకు మూలం మాకు దగ్గర్లోని స్టాన్‌ఫోర్డ్‌లోనే ఉంది. స్వరాన్ని కంపింపజేసే వేగం బాగా పెంచితే, కంపనం వినిపించడం మానేసి కొత్త నాదం పుడుతుందని 1967లో అక్కడ జాన్ చౌనింగ్ గమనించారు. ఆ ఎఫ్ఎం పద్ధతికే యమహా లైసెన్సు తీసుకుంది.

ఇందులో మనం తయారుచేసుకున్న 32 ధ్వనులు దాచుకోవచ్చు. వాటిని కాపాడేది లోపలున్న చిన్న బ్యాటరీ. అది అయిపోతే అన్నీ పోయినట్టే. మామయ్య ఎక్కడా రాసిపెట్టలేదు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, భయంభయంగా ఆన్ చేసి, మిడి కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశాను. 32 ధ్వనులూ కలిపి 4,104 బైట్లే! వాట్సాప్‌లో వచ్చే ఫొటో కన్నా ఎంతో చిన్నది.

ఆ ఫైలును డెక్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. ఒక్కో ధ్వని పేరుకు పది అక్షరాలే చోటు. ఒకచోట ఇంగ్లిష్ అక్షరాల్లో ‘నాదస్వరం’ అని ఉంది. సరిగ్గా పది! మా అబ్బాయి వాయించాడు. పాత కీబోర్డులోని సన్నటి గరగర లేదు. అయినా ఫోన్‌లో విన్న అమ్మ, ‘‘మా అన్నయ్యదేరా’’ అంది.

మీ ఇంట్లోనూ ఇలాంటిది ఉంటే, బ్యాటరీ మార్చేముందే కాపీ చేసుకోండి.